రైలు ఛార్జీల వార్షిక పెంపునకు చట్టంలో హద్దు ఉండాలా? కాజీపేట, వరంగల్ రోజువారీ ప్రయాణికుల చర్చ

కాజీపేట సీజన్

మిత్రులందరికీ నమస్కారం. 2020 జనవరి 1న పెంచిన తర్వాత అయిదున్నరేళ్లపాటు రైలు ఛార్జీల జోలికి పోని కేంద్ర ప్రభుత్వం, 2025 జూలై 1న ఒకసారి, ఆరు నెలలైనా నిండకముందే డిసెంబరు 26న మరోసారి పెంచింది. ఏసీ లేని మెయిల్, ఎక్స్‌ప్రెస్ బండ్లలో మొదటి విడత కిలోమీటరుకు ఒక పైసా, రెండో విడత రెండు పైసలు. కాజీపేట నుంచి సికింద్రాబాదుకు 132 కిలోమీటర్లు కనుక రెండు విడతలూ కలిపినా పైసల లెక్కన నాలుగు రూపాయలు దాటదని, దీనికింత చర్చ ఎందుకని కొందరు అడగవచ్చు. నాలుగు రూపాయలు పోయినందుకు నాకు బాధ లేదు. అయిదేళ్లు ఊరుకొని, ఆ తర్వాత ఒకే ఏడాదిలో రెండుసార్లు పెంచే అధికారం, ఎవరికీ లెక్క చెప్పే పని లేకుండా ఒకరి చేతిలో ఉండటమే నాకు మింగుడు పడటం లేదు.

నా ప్రతిపాదన ఇది. ఛార్జీలను ఏడాదికి ఒక్కసారి మాత్రమే, అదీ ముందుగా ప్రకటించిన తేదీనే పెంచాలని, ఆ పెంపు వినియోగదారుల ధరల సూచీ (సామాన్యుడు కొనే వస్తువుల ధరలు సగటున ఎంత పెరిగాయో చెప్పే అంకె) పెరిగిన శాతాన్ని మించరాదని రైల్వే చట్టంలోనే రాయాలి. సీజన్ టికెట్లకూ, 150 కిలోమీటర్లలోపు జనరల్ టికెట్లకూ ఇది తప్పనిసరిగా వర్తించాలి. మన ప్రాంత పార్లమెంటు సభ్యులకు ఈ మేరకు విజ్ఞాపన పంపుదామని అనుకుంటున్నాను. మీ అభిప్రాయాలు చెప్పండి.

పాత గార్డు

ముప్ఫై ఏళ్లకు పైగా ఈ లైనులోనే పనిచేసి పదవీ విరమణ పొందినవాడిగా రెండు మాటలు చెబుతాను. మీరు సీజన్ టికెట్టు మీద తిరిగే మనిషి. 2020లో పెంచినప్పుడు సీజన్ టికెట్లను మినహాయించారు. 2025 జూలైలో మినహాయించారు, డిసెంబరులోనూ మినహాయించారు. పెరగని ఛార్జీకి హద్దు కావాలని అడగడం నాకు వింతగా ఉన్నది.

అసలు సీజన్ టికెట్టు అంటే ఏమిటో ఇక్కడ ఎంతమందికి తెలుసో నాకు తెలియదు. నెల టికెట్టుకు తీసుకునేది ఇంచుమించు పదిహేను ఒకవైపు ప్రయాణాల డబ్బు. నెలకు ఇరవై అయిదు రోజులు అప్ అండ్ డౌన్ చేసే మనిషి యాభైసార్లు బండి ఎక్కుతాడు. మూడు నెలలకు ఒకేసారి తీసుకుంటే మూడింతలు కూడా కాదు, నెల టికెట్టుకు 2.7 రెట్లే. ఒక ప్రయాణికుణ్ని ఒక కిలోమీటరు తీసుకుపోవడానికి రూపాయి 38 పైసలు ఖర్చవుతుంటే 73 పైసలు వసూలవుతున్నాయని రైల్వే మంత్రి 2025 మార్చిలో పార్లమెంటులోనే చెప్పారు. అది అన్ని తరగతుల సగటు. సీజన్ టికెట్టుదారుడి వాటా అందులో ఎంత తక్కువో మీరే ఊహించుకోండి. ఆ లోటును పూడ్చేది సరుకు రవాణా. వంద రూపాయల రాబడిలో 98 రూపాయలు నడపడానికే పోతున్న సంస్థ చేతులు చట్టంతో కట్టేస్తే, కొత్త బోగీ ఎక్కడి నుంచి వస్తుంది?

పెద్దపల్లి ప్యాసింజర్

బోగీ సంగతి తర్వాత చూద్దాం, ముందు బండిని వేళకు రానివ్వండి.

కాజీపేట సీజన్

గార్డు సార్‌కు గౌరవంతోనే జవాబిస్తున్నాను. సీజన్ టికెట్టు పెరగలేదన్నారు. పెంచడానికి ఎప్పుడూ ప్రయత్నించలేదా? 2014 జూన్‌లో ప్రయాణికుల ఛార్జీలను 14.2 శాతం పెంచినప్పుడు, దానితోపాటే సీజన్ టికెట్టును పదిహేను ప్రయాణాల లెక్క నుంచి ముప్ఫై ప్రయాణాల లెక్కకు మార్చారు. అంటే ఒక్క ఉత్తర్వుతో రెట్టింపు, దాని మీద మళ్లీ పద్నాలుగు శాతం. నెలకు వచ్చే జీతంలో ప్రయాణానికి ఇంత అని పక్కన పెట్టుకొని, పిల్లల ఫీజులు, ఇంటి అద్దె దాని ప్రకారం సర్దుకునే మనిషికి ఇలాంటి ఉత్తర్వు ఏమి చేస్తుందో ఆలోచించండి. ఇటువంటిది మళ్లీ జరగకుండా ఉండాలనే హద్దు అడుగుతున్నాను.

పాత గార్డు

అది అమలు కాలేదు. జూన్ 25 నుంచి అమలు కావలసి ఉండగా 24వ తేదీనే వెనక్కి తీసుకున్నారు. పదిహేను ప్రయాణాల లెక్కే కొనసాగింది.

కాజీపేట సీజన్

అమలు కాలేదు, కానీ ప్రకటించారు.

పాత గార్డు

ప్రకటించినదాన్ని పెంపు అనరు. మీ జేబు నుంచి ఒక్క రూపాయి కూడా ఆ లెక్కన పోలేదు.

కాజీపేట సీజన్

ఎందుకు వెనక్కి తీసుకున్నారో కూడా చెప్పండి సార్. ముంబయి లోకల్ రైళ్ల మీద ఆధారపడిన లక్షలాది మంది భగ్గుమన్నారు, అదే ఏడాది మహారాష్ట్రలో శాసనసభ ఎన్నికలున్నాయి, కాబట్టి తీసుకున్నారు. కాజీపేట, జనగామ, భువనగిరి వాళ్లం మాత్రమే అరిచి ఉంటే ఆ ఉత్తర్వు ఈనాటికీ అమలులో ఉండేది. ముంబయివాళ్ల గొంతు పుణ్యాన మనకు దక్కినదాన్ని ప్రభుత్వం మనకు ఇచ్చిన రక్షణగా ఎలా లెక్కవేస్తాం?

జనగామ కుట్టుపని

నాకు సీజన్ టికెట్టు లేదు. వారానికి ఒకటి రెండుసార్లు సికింద్రాబాదు జనరల్ బజారుకు వెళ్లి బట్ట, లైనింగు, దారాలు తెచ్చుకుంటాను, ఏ రోజుకారోజు టికెట్టు కొంటాను. ఒక ప్రశ్న అడుగుతాను. కరోనా తర్వాత బండ్లు మళ్లీ మొదలైనప్పుడు, అదే ప్యాసింజర్, అవే స్టేషన్లలో ఆగుతూ, ఎక్స్‌ప్రెస్ స్పెషల్ అన్న పేరుతో నడిచింది. పది రూపాయల కనీస ఛార్జీ ముప్ఫై రూపాయలయింది. 2024 ఫిబ్రవరిలోనే మళ్లీ పదికి వచ్చింది. ఆ కాలమంతా ఛార్జీలు పెంచినట్టు ఏ ప్రకటనా లేదు. మీరు రాయబోయే చట్టంలో దీనికి హద్దు ఉన్నదా?

డోర్నకల్ లైను

ముప్ఫై అయితే అయింది అమ్మా, అప్పుడు ఎక్కడానికి బండి దొరికిందే గొప్ప.

హనుమకొండ పద్దులు

నేను గార్డు గారి పక్షమూ కాదు, కాజీపేట మిత్రుని పక్షమూ కాదు. ప్రైవేటు సంస్థల లెక్కలు తనిఖీ చేయడం నా వృత్తి కనుక ఒక విషయం మాత్రం నాకు బాగా తెలుసు. ఏ ఒప్పందంలోనైనా గరిష్ఠం అని రాసిన అంకె రెండో ఏడాదికల్లా కనిష్ఠం అయి కూర్చుంటుంది. ఏటా అయిదు శాతానికి మించి పెంచరాదు అని అద్దె ఒప్పందంలో రాసుకున్న ఏ యజమాని అయినా మూడు శాతం పెంచడం మీరు చూశారా?

ఈ రోజు ఛార్జీలు పెంచాలంటే ప్రభుత్వం సిగ్గుపడాలి, ఎన్నికలు చూసుకోవాలి, ప్రతిపక్షం నోరు చూసుకోవాలి. 2012 మార్చిలో రైల్వే బడ్జెట్టులో ఛార్జీలు పెంచినందుకు దినేశ్ త్రివేది తన మంత్రి పదవినే పోగొట్టుకున్నారు, ఆయన తర్వాత వచ్చిన ముకుల్ రాయ్ కింది తరగతుల పెంపును ఉపసంహరించారు. మీరు అడుగుతున్న చట్టం వచ్చిన మరుసటి సంవత్సరం నుంచి ఎవరికీ ఆ సిగ్గు ఉండదు. చట్టంలో ఉన్నది కనుక పెంచాము అంటారు. మీరు హద్దు అనుకొని కట్టేది వాళ్లకు నిచ్చెన మెట్టు అవుతుంది.

రెడింగ్‌లో ఓరుగల్లువాడు

నేను ఇంగ్లండులో ఉంటాను, లండనుకు రైల్లోనే వెళ్లివస్తాను. ఇక్కడ మీరు అడుగుతున్న హద్దు చాలాకాలంగా ఉన్నది కాబట్టి దాని కథ చెబుతాను. మొత్తం ఛార్జీల్లో దాదాపు 45 శాతం ప్రభుత్వ నియంత్రణలో ఉంటాయి, సీజన్ టికెట్లు వాటిలోవే. 1999 నుంచి 2003 వరకు చిల్లర ధరల సూచీ కంటే ఒక శాతం తక్కువగా, 2004 నుంచి 2013 వరకు ఒక శాతం ఎక్కువగా, 2014 నుంచి 2020 వరకు సూచీతో సమానంగా హద్దు పెట్టారు. ముందు ఏడాది జూలై నెల సూచీని తీసుకొని మరుసటి ఏడాది ఛార్జీ నిర్ణయిస్తారు.

ఇందులో ఒక మెలిక ఉండేది. హద్దు సగటుకు మాత్రమే. కొన్ని టికెట్లను తక్కువ పెంచి, మరికొన్నింటిని సగటు హద్దు కంటే అయిదు శాతం దాకా ఎక్కువ పెంచుకోవడానికి రైళ్లు నడిపే కంపెనీలకు వెసులుబాటు ఇచ్చారు. రద్దీ మార్గాల్లో తిరిగేవాళ్ల నెత్తిన అదే పడేది. 2014లో దాన్ని రెండు శాతానికి కుదించి, 2015లో పూర్తిగా తీసివేశారు. ఆ తర్వాత 2022 జూలైలో సూచీ 12.3 శాతానికి పోయింది. అంత పెంచితే జనం ఊరుకోరని తెలిసి, సూచీని పక్కనబెట్టి సగటు వేతనాల పెరుగుదలను కొలమానంగా తీసుకొని 2023 పెంపును 5.9 శాతం దగ్గర ఆపారు. 2024లో 4.9, 2025లో 4.6 శాతం. 2026కు నియంత్రిత ఛార్జీలను అసలు పెంచబోమని ప్రకటించారు. ముప్ఫై ఏళ్లలో ఇదే మొదటిసారి.

హనుమకొండ పద్దులు

ధన్యవాదాలు. నేను చెప్పినది ఇదే. హద్దు ఉన్న దేశంలో ముప్ఫై ఏళ్లకు ఒకసారి ఆగింది. హద్దు లేని మన దేశంలో సీజన్ టికెట్టు 2020 నుంచి మూడు పెంపులను తప్పించుకుంది.

కాజీపేట సీజన్

పద్దుల సార్, తప్పించుకున్నది ఒకరోజు మొత్తంగా కలిపి వస్తుంది, ఆ రోజు ఎలా ఉంటుందో మన పక్క రాష్ట్రమే చూపించింది. బెంగళూరు మెట్రోలో 2017 తర్వాత ఏడున్నరేళ్లు ఛార్జీ పెంచలేదు. 2025 ఫిబ్రవరి 9న ఒక్కసారిగా పెంచితే గరిష్ఠ ఛార్జీ 60 నుంచి 90 రూపాయలయింది, కొన్ని దూరాలకు రెట్టింపు దాకా పోవడంతో జనం తిరగబడిన తర్వాత పెంపు 71 శాతానికి మించరాదని సవరించారు. ఢిల్లీ మెట్రోలో 2009 తర్వాత 2017 దాకా ఆగి, ఆ ఒక్క సంవత్సరంలోనే మేలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి పెంచారు. మన హైదరాబాదు మెట్రో 2025 మేలో గరిష్ఠాన్ని 60 నుంచి 75కు తీసుకుపోయి, వారం తిరిగేలోపు రాయితీ ఇచ్చి 69 దగ్గర నిలిపింది. మన ఆర్టీసీనే తీసుకోండి. 2019లో యాభై రోజులు దాటిన సమ్మె ముగిసిన వెంటనే, డిసెంబరులో, కిలోమీటరుకు ఇరవై పైసలు. వీటిలో ఏ ఒక్కదానిలోనైనా ఏటా ఇంతకు మించరాదన్న నిబంధనను ముందు నుంచీ పాటించి ఉంటే సామాన్యుడికి ఆ రోజు అంత దెబ్బ తగిలేదా?

పాత గార్డు

మీరు చెప్పిన ఉదాహరణలన్నీ నా వాదనకే పనికివస్తాయి. ఏటా కొంచెం కొంచెం పెంచి ఉంటే ఆ దెబ్బ ఉండేది కాదన్నారు. అంటే ఏటా పెంచాలని మీరే ఒప్పుకున్నారు. ఇక మనకు తేడా ఎక్కడ?

కాజీపేట సీజన్

పెంచాలని అనలేదు, పెంచితే ఇంతకు మించరాదు అన్నాను.

మంచిర్యాల రాత్రిబండి

ఈ రెండు వాక్యాలకు తేడా చెప్పినవారికి నా వంతుగా ఒక ప్లేటు సమోసాలు.

జనగామ కుట్టుపని

నా ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. పేరు మార్చి మూడింతలు వసూలు చేస్తే మీ సూచీలో అది ఎక్కడ కనిపిస్తుంది?

హనుమకొండ పద్దులు

కనిపించదు అక్కా. సూచీ హద్దును ఛార్జీల పట్టికలోని ధరకు కడతారు. బండి పేరు మారితే ఆ ధర పెరగదు, మనం వేరే వరుసలోకి పోతాం, అంతే. ప్యాసింజరును ఎక్స్‌ప్రెస్ అన్నా, ఎక్స్‌ప్రెస్‌ను సూపర్‌ఫాస్ట్ అని అదనపు రుసుము వేసినా చట్టం దృష్టిలో పెంపు లేనట్టే. అయితే ఇది వేరే విషయం. ముందు హద్దు అనేది మంచిదా చెడ్డదా అన్నది తేలనివ్వండి.

జనగామ కుట్టుపని

నా దృష్టిలో ఇది వేరే విషయం కాదు.

పాత గార్డు

ఇక్కడ అందరూ మర్యాదగా దాటవేస్తున్న మాట ఒకటి నేను చెబుతాను. రోజూ అప్ అండ్ డౌన్ చేసేవాళ్లలో చాలామంది సికింద్రాబాదులో జీతం తీసుకొని, కాజీపేటలోనో హనుమకొండలోనో తక్కువ అద్దెకు ఉంటారు. ఆ రెండింటి మధ్య తేడా మిగుల్చుకునేది వాళ్లు. ఆ తేడాను భరించేది బొగ్గు మీద, సిమెంటు మీద వేసే సరుకు ఛార్జీ. అంటే చివరికి కరెంటు బిల్లు కట్టే ప్రతి ఇల్లూ భరిస్తుంది, జీవితంలో రైలెక్కని పాలేరు ఇల్లు కూడా. సరుకు మీద వచ్చే లాభం ప్రయాణికుల నష్టం పూడ్చడానికే పోతున్నదని కాగ్ నివేదికలు ఏళ్లుగా చెబుతూనే ఉన్నాయి. మా ఊరి చిన్న స్టేషనులో ఆగే బండి ఆగడం మానేసింది. ఎందుకంటే దాని మీద వచ్చే డబ్బు బ్రేకు వేసి మళ్లీ వేగం అందుకోవడానికయ్యే ఖర్చుకు కూడా చాలదట. మీరు అనుభవించే చవక టికెట్టుకు మా ఊరు ధర చెల్లించింది. దానికి ఇంకా చట్టబద్ధమైన రక్షణ కూడా కావాలా?

కాజీపేట సీజన్

సార్, ఇప్పుడు నేనూ మర్యాద పక్కనబెట్టి అడుగుతాను. పదవీ విరమణ చేసిన రైల్వే ఉద్యోగికి ఉచిత పాసులు ఉన్నాయి. మీరు గత పదేళ్లలో ఎన్నిసార్లు టికెట్టు కొన్నారు? మీ పింఛను మీద జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి కరువు సహాయం పెరుగుతుంది. ధరల సూచీ ఎంత పెరిగితే మీ పింఛను అంత సర్దుకుంటుంది. నేను పనిచేసే చోట ప్రయాణ భత్యం ఎత్తివేశారు, జీతం పెంచి చాలాకాలమయింది. నిలబడే చోటు లేక ఒకనాడు రిజర్వేషను బోగీలో తలుపు దగ్గర నిలబడితే, సీజన్ టికెట్టు చూపించినా వినకుండా, ఆ నెల టికెట్టు డబ్బు అంతా పోయినంత జరిమానా రాశారు. సికింద్రాబాదులో అద్దెకు ఇల్లు తీసుకోగలిగితే తెల్లవారుజామున పిల్లలు లేవకముందే బయలుదేరి వాళ్లు పడుకున్నాక ఇంటికి చేరడం నాకేమైనా సరదానా? తేడా మిగుల్చుకుంటున్నామట. మిగిలింది ఏమిటో వచ్చి చూడండి.

పాత గార్డు

ఉచిత పాసు నేను ముప్ఫై ఏళ్లు రాత్రనక పగలనక బ్రేకు వ్యానులో కూర్చొని సంపాదించుకున్నది, ఎవరి దయా కాదు. ఇక రిజర్వేషను బోగీలో సీజన్ టికెట్టు చెల్లదన్నది మీ టికెట్టుతోపాటు వచ్చే నిబంధనే. జరిమానా రాసిన మనిషి తన పని తాను చేశాడు.

పెద్దపల్లి ప్యాసింజర్

పింఛన్ల మీదికీ పాసుల మీదికీ పోకండి అన్నా, విషయం దారి తప్పుతున్నది.

నిర్వాహకులు

వ్యక్తిగత ఆదాయాల ప్రస్తావన ఇంతటితో ఆపండి. ఛార్జీల పరిమితి మీదనే రాయగలరు.

హనుమకొండ పద్దులు

నిర్వాహకులు మన్నించాలి, ఆదాయాల ప్రస్తావన ఇప్పుడే అసలు విషయంలోకి వచ్చిందని నా అభిప్రాయం. కాజీపేట మిత్రుడు కోపంలో అన్న మాటను ఆయన మొదటి ప్రతిపాదన పక్కన పెట్టి చదవండి. ఛార్జీ ధరల సూచీని మించరాదు అన్నది ఆయన ప్రతిపాదన. ధరల సూచీతోపాటు ఆదాయం పెరిగేది గార్డు గారికి, ప్రభుత్వ గుమస్తాలకు, ఉపాధ్యాయులకు. వాళ్లకు ఆ హద్దు వల్ల నష్టం లేదు, లాభమూ లేదు. ఆదాయం సూచీతో పెరగని కాజీపేట మిత్రునికి ఆ హద్దు ఏటా ఒక కోత. ఆయన అడుగుతున్న హద్దు ఆయనకే పనికిరాదు. ఇంగ్లండులో 2022లో జరిగినది ఇదే. ధరలు 12 శాతం పెరిగి, జీతాలు అందులో సగమైనా పెరగనప్పుడు, ధరల సూచీకి కట్టిన హద్దు హద్దుగా పనిచేయలేదు. అందుకే వేతనాలకు మార్చవలసి వచ్చింది.

కాబట్టి అడిగితే వేతనాలకు ముడిపెట్టమని అడగాలి. లేదా అసలు అడగకూడదు. నేను రెండోదానివైపే ఉన్నాను.

పాత గార్డు

వేతనాలకు ముడిపెడితే ఎవరి వేతనానికి? రైలు నడపడానికి అయ్యే ఖర్చులో పెద్ద భాగం రైల్వే సిబ్బంది జీతాలూ పింఛన్లే. అవి ధరల సూచీతోనే పెరుగుతాయి, మీరే చెప్పారు. ఖర్చు ఒక కొలతతో పెరుగుతూ, రాబడి మరో కొలతతో పెరిగితే మధ్యలో పడే గొయ్యిని ఎవరు పూడుస్తారో చెప్పకుండా చట్టం రాయలేరు. బడ్జెట్టు నుంచి పూడుస్తాం అని అందులోనే రాయండి, నేనే మొదటి సంతకం పెడతాను. రైల్వే బడ్జెట్టును 2017లో సాధారణ బడ్జెట్టులో కలిపేసిన తర్వాత ఆ డబ్బు అడగడానికి దారి ఇంకా సులువు కావాలి. కానీ ఎవరూ అడగరు. అందరూ టికెట్టు ధర మాత్రమే చూస్తారు.

కాజీపేట సీజన్

బడ్జెట్టు నుంచి పూడ్చడానికి మీకు అభ్యంతరం లేదా? మరి మొదటి నుంచీ సీజన్ టికెట్టు దానం అన్నట్టు ఎందుకు మాట్లాడారు?

పాత గార్డు

దానం అన్న మాట నేను వాడలేదు, పైకి జరిపి చదవండి. బొగ్గు మీద వేసి ప్రయాణికునికి ఇవ్వడం నాకు అభ్యంతరం. ప్రభుత్వం తన పద్దులో, ఇది ఇంత, ఇందుకోసం అని రాసి ఇస్తే అభ్యంతరం లేదు.

డోర్నకల్ లైను

ఈ విజ్ఞాపన డివిజను స్థాయి వినియోగదారుల సంప్రదింపుల సంఘానికి ఇస్తే సరిపోతుందా?

హనుమకొండ పద్దులు

సరిపోదు. ఆ సంఘం స్టాపులు, నీళ్లు, ఓవర్ బ్రిడ్జీల గురించి సలహా ఇవ్వగలదు. ఛార్జీలు నిర్ణయించే అధికారం 1989 రైల్వే చట్టం 30వ సెక్షను ప్రకారం కేంద్ర ప్రభుత్వానిది. ఒక ఉత్తర్వు చాలు, పార్లమెంటులో ఓటింగు అక్కరలేదు. స్వతంత్ర నియంత్రణ సంస్థ కావాలని 2015లో బిబేక్ దేబ్రాయ్ కమిటీ సిఫార్సు చేసింది, 2017 ఏప్రిల్‌లో రైల్ డెవలప్‌మెంట్ అథారిటీకి కేంద్ర మంత్రివర్గం ఆమోదం కూడా తెలిపింది. అది సలహాలిచ్చే సంస్థే, అయినా పనిలోకి దిగలేదు. మెట్రోలకు మాత్రం 2002 చట్టం కింద ఛార్జీల నిర్ణయ కమిటీ ఉంటుంది, దాని సిఫార్సు పాటించి తీరాలి. బెంగళూరులో జరిగినది ఆ కమిటీ సిఫార్సు మీదనే. స్వతంత్ర సంస్థ అనగానే ఛార్జీ తగ్గుతుందని ఆశపడేవారు ఇది గుర్తుంచుకోవాలి.

కాజీపేట సీజన్

సరే, అందరి మాటలూ చూసి విజ్ఞాపనను తిరగరాశాను. ఛార్జీల పెంపు ఏడాదికి ఒకసారికి మించరాదు, కనీసం మూడు నెలల ముందు ప్రకటించాలి. పెంపు ధరల సూచీ, వేతనాల సూచీ రెండింటిలో ఏది తక్కువైతే దానిని మించరాదు, ఒక ఏడాది పెంచకపోతే ఆ వాటాను మరుసటి ఏడాదికి కలుపుకోరాదు. దీనివల్ల తగ్గే రాబడిని కేంద్ర బడ్జెట్టులో ప్రత్యేక పద్దుగా చూపాలి. చివరగా, బండి తరగతి మార్చినప్పుడు కలిగే పెంపును కూడా పెంపుగానే లెక్కించాలి.

హనుమకొండ పద్దులు

కలుపుకోరాదు అన్న మాటతో బెంగళూరు సమస్య తీరింది. కానీ వాడుకోకపోతే పోయే హద్దును ఏ ప్రభుత్వమూ వదులుకోదు, ఏటా తప్పక పెంచుతుంది. నా సందేహాన్ని మీరు ఇంకా బలపరిచారు. నేను సంతకం చేయను.

పాత గార్డు

బడ్జెట్టు పద్దు అన్న వాక్యం వరకు నాకు సమ్మతమే. ఏది తక్కువైతే అది అన్నదానికి సమ్మతం లేదు, అది ఖర్చు చూడని లెక్క. మిగతావారి ఇష్టం.

జనగామ కుట్టుపని

నా మాటను చివరి వాక్యంగా పెట్టారు, సంతోషం. చివర ఉన్నదే ముందుగా కొట్టివేస్తారని మీకూ తెలుసు. ఆడవాళ్లకు 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం కదా, నీకు రైలు ఛార్జీతో పనేమిటని మా ఇంట్లోనే అంటారు. బట్ట మూటలతో ఉప్పల్‌లో దిగి అక్కడి నుంచి ఆటో మాట్లాడుకొని జనరల్ బజారుకు పోతే బస్సులో మిగిలింది ఆటోకు పోతుంది, అందుకే రైలు. నాకు జీతం లేదు కాబట్టి మీ రెండు సూచీల్లో ఏదీ నాది కాదు. నాకు పనికివచ్చేది ఆగే బండి, దానికి ప్యాసింజరు ధర టికెట్టు, అందులో ఎక్కడానికి జనరల్ బోగీ. 2023 జనవరి నుంచి వరంగల్ మీదుగా వందేభారత్ పోతున్నది. దానిలో జనరల్ బోగీ లేదు, మీ సీజన్ టికెట్టు కూడా చెల్లదు. రేపు ఉన్న బండ్లన్నీ అలాంటివే అయితే మీ హద్దు కాగితం మీద భద్రంగా ఉంటుంది, ఎక్కడానికి ఏమీ ఉండదు. తరగతి మార్పు మాటను, ఉన్న జనరల్ బోగీలను తగ్గించరాదన్న మాటతో కలిపి, మొదటి వాక్యంగా పెట్టండి. అప్పుడు సంతకం చేస్తాను.

కాజీపేట సీజన్

అక్కా, మొదటి వాక్యం వార్షిక హద్దుదే కావాలి, విజ్ఞాపన పేరే అది కదా. మీ మాటను రెండో వాక్యంగా తెస్తాను, జనరల్ బోగీల సంగతి కూడా కలుపుతాను.

జనగామ కుట్టుపని

విజ్ఞాపన పేరు మార్చడానికి రూపాయి కూడా ఖర్చు కాదు. పేరు మార్చేదాకా నా సంతకం లెక్కలో వేయకండి.

పెద్దపల్లి ప్యాసింజర్

నాది వేసుకోండి. పేరు ఏదైనా సరే.